మాట పోకుండా ఫైలు మార్చడం వచ్చా?

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో హాస్టల్ వెతుక్కోవాలా, గుడివాడలోనే ఉండి ఏదో ఒకటి చూసుకోవాలా అని తేలని రోజులు. ఎప్పుడో పెట్టిన దరఖాస్తుకు ఓ సాయంత్రం మెయిల్ వస్తుంది. ‘తెలుగు స్పీచ్ డేటా పనికి మిమ్మల్ని పరిశీలిస్తున్నాం. జతచేసిన ఫోల్డర్‌లో 50 ఆడియో ఫైళ్లున్నాయి. అన్నిటినీ 16 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్ వేవ్‌లోకి మార్చండి. పనికిరానివి ఏవో, ఎందుకో రాయండి. రేపు ఈ వేళకు పంపండి.’ ఫోల్డర్ తెరిస్తే ఒక్కో ఫైలుకు ఒక్కో తోక. కొన్ని ఎంపీ3, కొన్ని ఎం4ఏ, రెండు మూడు ఏఎంఆర్, వాట్సాప్ నుంచి దించిన ఓపస్‌లు ఓ పది.

ఇది ఊహించి రాసిన మెయిలే. కానీ ఇలాంటి పరీక్ష ఎదురైతే మనలో చాలామంది చేసే మొదటి పని ‘ఫ్రీ కన్వర్టర్’ అని సెర్చ్ కొట్టడం. ఒక్కొక్కటే ఎక్కించడం, దించుకోవడం, పంపేయడం. మర్నాడు జవాబు రాదు. ఆ మర్నాడూ రాదు. ఎక్కడ తప్పామో చెప్పేవాళ్లు ఉండరు.

ఫార్మాట్ మార్చడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు, అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మార్చేటప్పుడు ఏం పోతుందో, పోయింది తిరిగొస్తుందో రాదో చెప్పగలిగేవాళ్లే తక్కువ. ఆ మెయిల్లో అసలు ప్రశ్న కూడా చివరి వాక్యమే: పనికిరానివి ఏవి, ఎందుకు?

మన మాట మెషీన్‌కు ఎంత తెలుసు?

ఓపెన్ఏఐ సంస్థ 2022 సెప్టెంబర్‌లో విస్పర్ అనే స్పీచ్ రికగ్నిషన్ మోడల్‌ను విడుదల చేసింది. మాట్లాడింది విని అక్షరాల్లో పెట్టే సాఫ్ట్‌వేర్ అన్నమాట. దానికి నేర్పడానికి వాడిన ఆడియో మొత్తం 6,80,000 గంటలు. అందులో రాతప్రతితో సహా ఉన్న తెలుగు ఎంతో తెలుసా? అయిదు గంటలు కూడా లేదు. పక్కనున్న తమిళానికి 136 గంటలు దొరికాయి. తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువై కాదు. మెషీన్ తినగలిగే రూపంలో మన మాట అప్పటికి పోగుపడలేదు.

ఆ లోటు పూడ్చే పని మన దేశంలోనే పెద్దఎత్తున నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో భాషిణిని ప్రారంభించింది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం ఆకాశవాణి వార్తా బులెటిన్ల ఆడియోను, వాటి రాతప్రతులను వాక్యం వాక్యం జతపరిచి శ్రుతిలిపి పేరుతో 12 భాషల్లో 6,400 గంటలకు పైగా సిద్ధం చేసింది. అదే బృందం 2024లో ఇండిక్‌వాయిసెస్‌ను విడుదల చేసింది: 22 భాషలు, 145 జిల్లాలు, 16 వేలమందికి పైగా మనుషుల గొంతులు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తెలుగు మాటలు సేకరించింది. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ వద్ద కూడా తెలుగు ధ్వని సంపుటి ఉంది.

మనకు బాగా దగ్గరిది బెంగళూరు ఐఐఎస్‌సీ, ఆర్ట్‌పార్క్ కలిసి గూగుల్ సహకారంతో నడిపిస్తున్న వాణి ప్రాజెక్టు. ఇది భాషల లెక్కన కాకుండా జిల్లాల లెక్కన గొంతులు సేకరిస్తుంది. ఒక బొమ్మ చూపించి ‘ఇందులో ఏం కనపడుతోందో మీ మాటల్లో చెప్పండి’ అంటారు. చదివించరు, మాట్లాడిస్తారు. ఆ జిల్లాల జాబితాలో కృష్ణా ఉంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, వార్తలు చదివే గొంతు విని నేర్చుకున్న మెషీన్‌కు ‘బోదె తెగింది’ అంటే ఏం తెలుస్తుంది? సార్వా, దాళ్వా, గట్టు, లంక, పాయ, ఉప్పుటేరు... కోడూరు రైతు ఊపిరి పీల్చినంత తేలిగ్గా అనే ఈ మాటలు బులెటిన్‌లో ఎన్నిసార్లు వస్తాయి? రేపు పంటబీమా గురించో, తుపాను సాయం గురించో ఫోన్లో మాట్లాడి అడిగే ఏర్పాటు వస్తే, అది నాగాయలంక మాట అర్థం చేసుకోవాలా వద్దా? అర్థం కావాలంటే అక్కడి మాట రికార్డు కావాలి. రికార్డయింది చెడిపోకుండా చేరాలి. దివిసీమ ఇంటి అరుగు మీద నుంచి బెంగళూరు సర్వర్ దాకా ఆ ఫైలు నాలుగైదు చేతులు మారుతుంది. మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు దాన్ని ‘కన్వర్ట్’ చేసే అవకాశం ఉంది. ఆ చెయ్యి మీదే కావచ్చు.

లడ్డూ పెట్టె, లోపలి లడ్డూ

ముందు ఒక చిన్న గందరగోళం వదిలించుకుందాం. ఫైలు పేరు చివర ఉన్న తోకను చెరిపేసి ‘వేవ్’ అని రాస్తే అది వేవ్ అయిపోదు. బందరు లడ్డూ పెట్టె మీద చీటీ చించేసి మైసూర్‌పాక్ అని అంటిస్తే లోపల ఉన్నది మారుతుందా? నవ్వకండి, ఇలా పేరు మార్చి పంపేసేవాళ్లు ఉన్నారు. కొన్ని ప్లేయర్లు ఆ ఫైలును ఎలాగోలా వినిపించేస్తాయి కూడా. అందుకే చేసినవాళ్లకు అనుమానం రాదు.

పెట్టెను కంటైనర్ అంటారు. లోపలి సరుకును కుదించే పద్ధతి కోడెక్. ఎం4ఏ పెట్టెలో సాధారణంగా ఉండేది ఏఏసీ అనే కోడెక్. వాట్సాప్ వాయిస్ మెసేజీలో ఉండేది ఓపస్. వేవ్ పెట్టెలో మామూలుగా ఉండేది పీసీఎం, అంటే కుదించకుండా ఉన్నదున్నట్టు రాసిన ధ్వని. ‘మామూలుగా’ అన్నాను చూడండి, అక్కడ జాగ్రత్త. కాల్ రికార్డింగుల్లో వేవ్ పెట్టెలో ఏ-లా అనే టెలిఫోన్ కోడెక్ పెట్టి ఉండటం కద్దు. పైకి వేవే, లోపల సరుకు వేరు. పెట్టె తెరిచి చూడకుండా ‘ఇది ఆల్రెడీ వేవ్ కదా’ అని వదిలేస్తే పరీక్షలో మొదటి మార్కు అక్కడే పోయింది.

కుదింపు రెండు రకాలు. ఫ్లాక్ లాంటివి బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దినట్టు: విప్పితే ఉన్నవన్నీ ఉంటాయి. ఎంపీ3, ఏఏసీ, ఓపస్, ఏఎంఆర్ అలా కాదు. చోటు చాలక కొన్ని బట్టలు బయట పారేసి సర్దుతాయి. మనిషి చెవికి పెద్దగా తేడా తెలియని వాటినే పారేస్తాయనుకోండి. కానీ వినేది మనిషి చెవి కాదు కదా, ఇక్కడ.

ఎస్ అంటే ఎఫ్ అని రాసుకున్నారా?

ఇక అసలు లెక్క. శాంప్లింగ్ రేటు అంటే సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని కొలిచి రాస్తున్నాం అని. 16 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 16 వేలసార్లు. ఎంత రేటుతో కొలిస్తే అందులో సగం ఫ్రీక్వెన్సీ వరకే మనకు చిక్కుతుంది. 16 వేలసార్లు కొలిస్తే 8 వేల హెర్ట్జ్ దాకా. పాతకాలపు టెలిఫోన్ పద్ధతిలో సెకనుకు 8 వేలసార్లే కొలుస్తారు. అంటే 4 వేల హెర్ట్జ్ పైన ఉన్నదంతా గోవిందా. నిజానికి ఫోను లైన్లో పోయేది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్నదే.

దీనివల్ల ఏం నష్టమో మీ అనుభవంలోనే ఉంది. బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పేరు స్పెల్లింగ్ చెబుతారు. మీరు ‘ఎస్’ అంటే అవతలివాళ్లు ‘ఎఫ్’ అని రాసుకుంటారు. ‘ఎస్ ఫర్ శ్రీను అండీ’ అని మొత్తుకోవాల్సి వస్తుంది. తప్పు వాళ్ల చెవిది కాదు. స అనేటప్పుడు వచ్చే బుస ఎక్కువగా 4 వేల హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. ఆ భాగం లైన్లో రాలేదు. రాని ధ్వనిని ఎవరు మాత్రం ఎలా వింటారు?

తెలుగులో ఇంకో మెలిక ఉంది. ‘చేప’లో చ వేరు, ‘చాప’లో చ వేరు. ఇప్పుడు రాసేటప్పుడు అక్షరం ఒకటే, నోట్లో మాత్రం రెండు. ‘చాప’, ‘చలి’, ‘చాలు’ అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికొచ్చి సన్నగా ‘త్స’ అంటుంది. పాతకాలం వ్యాకరణాల్లో దానికి విడిగా గుర్తు కూడా ఉంది. ఆ సన్నటి భాగం సైతం పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. మచిలీపట్నం పేరులోనే చేప ఉంది. ఆ ఊరి గొంతులో చేపకూ చాపకూ తేడా చెరిపేసి మెషీన్‌కు పంపడం ఏం బావుంటుంది?

చాలామంది బోల్తాపడేది తర్వాతి మెట్టు మీద. 8 కిలోహెర్ట్జ్ ఫైలును సాఫ్ట్‌వేర్‌లో వేసి 16 అని కొడితే 16 కిలోహెర్ట్జ్ ఫైలు వస్తుంది. వివరాలు చూస్తే 16,000 అనే ఉంటుంది. సైజు పెరుగుతుంది. లోపల ఉన్నది మాత్రం పాత సరుకే. పాలల్లో నీళ్లు పోస్తే బిందె నిండుతుంది, వెన్న పెరుగుతుందా? ఏఎంఆర్‌లో గంట రికార్డింగు, ఆ కోడెక్ ఎక్కువలో ఎక్కువ రేటు సెకనుకు 12.2 కిలోబిట్లు వేసుకున్నా, అయిదున్నర ఎంబీ. దాన్నే 16 కిలోహెర్ట్జ్ 16 బిట్ మోనో వేవ్ చేస్తే 115 ఎంబీ. లెక్క మీరే వేసుకోవచ్చు: సెకనుకు 16 వేల కొలతలు, ఒక్కోటి రెండు బైట్లు, గంటకు 3,600 సెకన్లు. ఇరవై రెట్లు లావెక్కింది. కొత్తగా వచ్చిన మాట ఒక్కటీ లేదు.

దొంగ 16ను పట్టుకోవడం తేలికే. ఆడాసిటీ ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఫైలు తెరిచి, ట్రాక్ పేరు మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకుంటే ధ్వని బొమ్మలా కనపడుతుంది. కింద తక్కువ ఫ్రీక్వెన్సీలు, పైన ఎక్కువవి. 4 వేల గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి పై సగం ఖాళీగా ఉంటే, అది ఒకప్పుడు 8 కిలోహెర్ట్జ్ ఫైలే. మెయిల్లో అడిగిన ‘పనికిరానివి ఏవి’కి సగం జవాబు ఈ బొమ్మ చూస్తే వచ్చేస్తుంది. అయితే 8 కిలోహెర్ట్జ్ అయినంత మాత్రాన చెత్తబుట్టలో పడేయక్కర్లేదు. కాల్ సెంటర్ల కోసం తయారయ్యే మోడళ్లకు అలాంటివే కావాలి. ‘అసలు రేటు 8, పెంచినది’ అని పక్కన నిజం రాస్తే చాలు. దాస్తేనే తప్పు.

నా ఫోన్లో నాలుగు ఎంబీల ఉప్పెన

ఈ సంగతులన్నీ నాకు పుస్తకంలో చదివితే రాలేదు. చాలా ఏళ్ల కిందట నాగాయలంక దగ్గర ఓ ఊళ్లో ఒక పెద్దావిడ 1977 నవంబర్ 19 గురించి చెబుతుంటే ఫోన్లో రికార్డు చేశాను. ఆరోజు దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి. నలభై నిమిషాలపాటు ఆవిడ ఏకబిగిన చెప్పారు. గాలి ఏ దిక్కున మొదలైందో, నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయో, ఎవరిని ఏ చెట్టు పట్టి ఆపిందో. ‘మళ్లీ ఎప్పుడన్నా రా అబ్బాయ్, ఇంకా చెప్తా’ అన్నారు.

నా ఫోన్ రికార్డర్ ఏఎంఆర్‌లో పెట్టి ఉంది. అలా ఉందని కూడా నాకు తెలియదు. ఫైలు నాలుగు ఎంబీలు కూడా లేదు. చిన్నగా ఉంది, పంపుకోవడానికి బావుంది అని సంబరపడ్డాను. అది చాలక దాన్ని ఎంపీ3 చేసి, అసలుది తీసేశాను. మెమరీ కార్డులో చోటు కోసం.

ఈమధ్య ఆ ఎంపీ3ని ఓ స్పీచ్ రికగ్నిషన్ మోడల్‌కు ఇచ్చి చూశాను. వేవ్ చేసి, 16 కిలోహెర్ట్జ్ చేసి, పద్ధతి ప్రకారమే ఇచ్చాను. ఆవిడ అనని మాటలు వచ్చాయి. ఊరి పేర్లు మారిపోయాయి. మనుషుల పేర్లు అసలే రాలేదు. చెవి పెట్టి వింటే నాకే కొన్ని చోట్ల అర్థం కావడం లేదు, ఎదురుగా కూర్చుని విన్నవాణ్ని. వెనక్కి వెళ్లి మళ్లీ రికార్డు చేద్దామంటే ఆవిడ ఇప్పుడు లేరు.

రెండు నిమిషాలు సెట్టింగుల్లోకి వెళ్లి వేవ్ అనో, కనీసం ఎం4ఏ ఎక్కువ నాణ్యత అనో ఎంచుకుని ఉంటే సరిపోయేది.

చేతిలో ఉండాల్సిన పనిముట్లు

ఎఫ్ఎఫ్ఎంపెగ్ పేరు విని ఉంటారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం. విస్పర్ అసలు కోడ్ కూడా ఆడియో చదవడానికి దీన్నే పిలుస్తుంది. దీనికి బటన్లు, బొమ్మలు ఉండవు, కమాండ్ టైప్ చేయాలి. అది చూసి బీఏ, బీకాం వాళ్లు వెనక్కి తగ్గక్కర్లేదు. ఒక్క వాక్యమే. ముందు ప్రోగ్రాం పేరు. తర్వాత ‘ఐ’ అనే గుర్తు పెట్టి అసలు ఫైలు పేరు. ‘ఏఆర్’ అనే గుర్తు పక్కన 16000. ‘ఏసీ’ పక్కన 1. ‘సీ’, కోలన్, ‘ఏ’ పక్కన పీసీఎం, ఎస్16ఎల్ఈ అనే రెండు ముక్కలు, మధ్యలో ఒక కింది గీతతో. చివర కొత్త ఫైలు పేరు. ప్రతి గుర్తు ముందూ చిన్న అడ్డగీత. ఏఆర్ అంటే ఆడియో రేటు, ఏసీ అంటే ఎన్ని ఛానళ్లు, మూడోది 16 బిట్ పీసీఎం. యాభై ఫైళ్లయినా, అయిదు వేలయినా ఇదే వాక్యాన్ని లూప్‌లో పెడితే టీ తాగొచ్చేలోపు అయిపోతుంది. దీనితోపాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ పెట్టె తెరవకుండానే లోపల ఏ కోడెక్ ఉందో, ఏ రేటో చెప్పేస్తుంది. కంప్యూటర్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ వేసుకుని కూడా చేయొచ్చు. ఓ చిన్న తిరకాసు: ఓపస్ ఫైలు అసలు రేటు ఏదైనా ఈ పనిముట్లు 48,000 అనే చూపిస్తాయి. ఆ కోడెక్ పద్ధతే అంత. వాట్సాప్ వాయిస్ మెసేజీకి 48 చూసి మురిసిపోవద్దు, స్పెక్ట్రోగ్రామ్ చూడండి.

స్టీరియోను మోనో చేయడం చిన్న సంగతిలా కనపడుతుంది కానీ అదీ ఒక గుంటే. కాల్ రికార్డింగుల్లో కొన్నిసార్లు ఎడమ ఛానల్లో కస్టమర్, కుడి ఛానల్లో ఉద్యోగి ఉంటారు. రెండూ కలిపేస్తే ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడి, ఎవరేమన్నారో విడదీయడం కష్టమవుతుంది. అలాంటివి కలపకూడదు, రెండు ఫైళ్లుగా విడగొట్టాలి. ఏది చేయాలో తెలియకపోతే పని ఇచ్చినవాళ్లను అడగండి. అడిగితే మార్కులు పోవు.

తలపెట్టకూడని పని ఇంకోటి ఉంది: ఎవరూ అడక్కుండా శుభ్రం చేయడం. రొయ్యల చెరువు గట్టు మీద తీసిన రికార్డింగులో ఏరేటర్ల హోరు ఉంటుంది. బస్టాండులో తీస్తే హారన్లు, మైకు. వినడానికి బావుండదని నాయిస్ రిడక్షన్ నొక్కేస్తారు. హోరుతో పాటు స, శ, ఫల అంచులు కూడా కొట్టుకుపోతాయి. పైగా చాలా ప్రాజెక్టులకు ఆ హోరు కావాలి. రేపు రైతు ఫోన్ చేసేది చెరువు గట్టు మీద నుంచే కదా, స్టూడియోలోంచి కాదు. అలాగే మైకుకు మరీ దగ్గరగా అరిచి మాట్లాడటం వల్ల అలల తలలు తెగిపోయిన ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. దాన్ని పనికిరానిదిగా రాసేయడమే.

వేగం మారిపోయిన గొంతులు కూడా ఎదురవుతాయి. 8 వేలతో కొలిచిన ముడి ధ్వనిని 16 వేలు అనుకుని చదివితే, పాత టేపురికార్డర్‌ను గిరగిరా తిప్పినట్టు కీచుగా, రెట్టింపు జోరుగా వినిపిస్తుంది. వేవ్ ఫైలు మొదట్లో చిన్న హెడర్ ఉంటుంది, రేటు ఎంతో అందులో రాసి ఉంటుంది. హెడర్ లేని ముడి ఫైలు ఇస్తే రేటు ఎంతో మీరే చెప్పాలి. రాతప్రతిలో టైము గుర్తులున్న ఫైళ్లయితే మధ్యలో ఎంపీ3 చేయకండి; మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరి గుర్తులు జరిగిపోయే ప్రమాదం ఉంది.

ఉచిత కన్వర్టర్ వెబ్‌సైట్ల సంగతి మొదట్లోనే ఎత్తాను. వాటి నాణ్యత మాట అటుంచండి, మీరు ఎక్కిస్తున్నది ఇంకొకరి గొంతు. ఆ మనిషి సంతకం పెట్టింది ప్రాజెక్టుకు, ఎవరిదో తెలియని సర్వర్‌కు కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. ఇంటర్వ్యూలో ‘ఫైళ్లు ఎక్కడ మార్చారు’ అని అడిగితే ‘నా కంప్యూటర్లోనే’ అని చెప్పగలగాలి.

పని ఎక్కడ, మోసం ఎక్కడ

ఈ రంగంలో డిగ్రీ పిల్లలకు దొరికే ఉద్యోగాల పేర్లు రకరకాలుగా ఉంటాయి: డేటా అసోసియేట్, ఆడియో అనొటేటర్, ట్రాన్స్‌క్రిప్షనిస్ట్, లాంగ్వేజ్ స్పెషలిస్ట్. కొన్ని ఇంటినుంచి, కొన్ని కాంట్రాక్టు మీద. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఇందులో చాలావరకు ప్రాజెక్టు నడిచినన్నాళ్లే ఉండే పనులు. ఫార్మాట్లు మార్చడం ఒక్కటే వస్తే ఉద్యోగం ఇవ్వరు. తెలుగు తప్పుల్లేకుండా రాయడం, విన్నది విన్నట్టు రాయడం దానికి తోడవ్వాలి. బందరు, గుడివాడల్లో డీటీపీ నేర్చుకున్నవాళ్లకు అను ఫాంట్లలో చెయ్యి తిరిగి ఉంటుంది. ఇక్కడ అది చెల్లదు, యూనికోడ్‌లోనే కొట్టాలి. కృష్ణా యూనివర్సిటీ పరిధిలో తెలుగు బీఏ చదివిన విద్యార్థికి, ఎంసీఏ చదివిన విద్యార్థికి ఇందులో సమానమైన చోటుంది. ఒకరికి భాష ముందే వచ్చు, ఒకరికి కమాండ్ ముందే వచ్చు. ఇద్దరూ కలిసి ఓ బల్ల దగ్గర కూర్చుంటే వారంలో ఒకరిది ఒకరికి వచ్చేస్తుంది.

డబ్బు విషయంలో ఒక మాట బాగా గుర్తుంచుకోండి. రాతప్రతి పనికి చాలాచోట్ల ఇచ్చేది ‘ఆడియో గంట’ లెక్కన. గంట ఆడియో రాయడానికి నాలుగైదు గంటలు పట్టడం మామూలే, గోల ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. రేటు విని సంబరపడే ముందు అయిదుతో భాగించి చూసుకోండి. తిరస్కరించిన ఫైళ్లకు డబ్బిస్తారా, ఏ కారణాలతో తిరస్కరిస్తారు అన్నది ముందే రాతపూర్వకంగా అడగండి.

రిజిస్ట్రేషన్ ఫీజు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్, సెక్యూరిటీ డిపాజిట్ అంటూ ముందు మీ దగ్గరే డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. ఇంకో రకం ఉంది: పని ఇచ్చి, చేశాక ‘తప్పులున్నాయి, జరిమానా కట్టండి, లేకపోతే కోర్టు నోటీసు’ అని బెదిరిస్తారు. భయపడి కట్టకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చెయ్యి అలవాటు కావాలంటే ఖర్చు లేని దారులున్నాయి. భాషిణి వారి భాషాదాన్‌లో విన్నది తెలుగులో రాసి చూడొచ్చు, చూపిన వాక్యం చదివి గొంతు ఇవ్వొచ్చు. ఓపెన్‌ఎస్ఎల్ఆర్‌లో గూగుల్ సేకరించిన తెలుగు గొంతులు 48 కిలోహెర్ట్జ్ వేవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొజిల్లా కామన్ వాయిస్‌లోని క్లిప్పులు ఎంపీ3లో వస్తాయి. రెంటినీ దించుకుని ఒకే కొలతకు తేవడమే మంచి అభ్యాసం.

ఇంకా మంచిది మీ ఇంట్లోనే ఉంది. మోపిదేవి వెళ్లే బస్సులోనో, వంటింట్లోనో అమ్మమ్మను అడిగి, ఆవిడ సరే అంటేనే, అయిదు నిమిషాల కబురు వేవ్‌లో రికార్డు చేయండి. దాన్నే ఎంపీ3గా, ఏఎంఆర్‌గా మార్చి, ఆ రెండింటినీ మళ్లీ 16 కిలోహెర్ట్జ్ వేవ్ చేయండి. మూడు స్పెక్ట్రోగ్రాములూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటినీ విస్పర్‌కో, ఏఐ4భారత్ తెలుగు మోడల్‌కో ఇచ్చి, ఏ మాట ఎక్కడ పోయిందో ఓ షీటులో రాసుకోండి. ఫైలు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు పెట్టకుండా ఊరి కోడ్, మనిషి సంఖ్య, తేదీ ఉంచండి. ఇంటర్వ్యూలో రెజ్యూమెతో పాటు ఆ ఒక్క షీటు చూపించండి.

పని దొరికాక కూడా ఒకటి మానొద్దు. ఎవరి దగ్గరైనా రికార్డింగు తీసుకునేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపమనకండి. రికార్డర్‌లో తీసి ‘డాక్యుమెంట్’గా పంపమనండి, ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. వచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా ఓ ఫోల్డర్‌లో పెట్టి, మార్పులన్నీ కాపీ మీదే చేయండి. ఆ ఫోల్డర్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను, డబ్బు ఖాతాలో పడి, ప్రాజెక్టు వాళ్లు ‘ఇక తీసేయొచ్చు’ అని మెయిల్ పెట్టేదాకా అలాగే ఉంచండి.